గుట్టు ఎవరిది? రట్టు ఎవరిది?

‘ఇంటి గుట్టు లంకకు చేటు’ అనే సామెత ఇంగ్లీషువాళ్లకు తెలియదు కాబోలు. తెలియకపోయినా, 2023 జనవరి 10న ప్రిన్స్ హారీ ఆత్మకథ ‘స్పేర్’ బజారులోకి వచ్చినప్పుడు అక్కడ చాలామంది అన్నది ఆ మాటే. అంటూనే కొన్నారు కూడా! బ్రిటన్, అమెరికా, కెనడాల్లో కలిపి మొదటి రోజే 14 లక్షల పైచిలుకు ప్రతులు చెల్లిపోయాయి. అంతకు అయిదు రోజుల ముందు స్పెయిన్‌లో కొన్ని దుకాణాలవాళ్లు పొరపాటున అమ్మకానికి పెట్టేస్తే, పత్రికలవాళ్లు పరుగున వెళ్లి కొనుక్కుని, తర్జుమా చేసుకుని మరీ అచ్చేశారు. రాయకూడని పుస్తకమట, కానీ ఒక్క పేజీ వదలకుండా చదవాలట! బాగానే ఉంది సంబడం.

సరే, చదివినవాళ్లు ఏమన్నారో చూద్దాం.

మొదటి మాట: ‘కోటలో పుట్టినవాడికి ఏడుపేమిటమ్మా?’ ఎందుకుండకూడదో నాకు అర్థం కాదు. 1997 ఆగస్టు 31న పారిస్‌లో కారు ప్రమాదంలో తల్లి డయానా పోయేనాటికి ఆ పిల్లవాడికి నిండా పదమూడేళ్లు లేవు. ఊరంతా రోడ్డుకి అటూ ఇటూ నుంచుని చూస్తుండగా, టీవీల్లో లోకమంతా చూస్తుండగా, తల్లి శవపేటిక వెనకాల నడిపించారు. ఖననం వేళ తప్ప తను ఏడవలేదనీ, అమ్మ చనిపోలేదు, ఎక్కడో దాక్కుని ఉందని ఏళ్ల తరబడి అనుకున్నాననీ రాశాడు. డబ్బున్న పిల్లవాడి కన్నీళ్లలో ఉప్పుండదా?

అసలా పేరు చూడండి, స్పేర్! గద్దెకి వారసుడు ఒకడు, వాడికేమైనా అయితే అక్కరకొస్తాడని ఇంకొకడు. మన భాషలో చెప్పాలంటే స్టెప్నీ. అక్క విప్పిన పరికిణీలు తొడుక్కుంటూ పెరిగిన చెల్లెళ్లకి ఆ పేరులోని మంట విడమరిచి చెప్పాలా?

రెండో మాట: ‘వాడు మంచివాడే, ఆ పెళ్లాం వచ్చి చెడగొట్టింది.’ చెప్పొద్దూ, ఈ మాట ఆడవాళ్ల నోటనే ఎక్కువగా విన్నాను. హారీ, మేఘన్ కలుసుకున్నది 2016లో. అతనికి పత్రికలవాళ్ల మీద కోపం తల్లి పోయిన నాటిది. ఆమె రాకముందున్న గాయానికి ఆమె కారణమెలా అవుతుంది? 2018లో మరో ముచ్చట కూడా నడిచింది. పెళ్లిలో పూలు పట్టుకుని నడిచే చిన్నపిల్లల గౌన్ల దగ్గర పేచీ వచ్చి, మేఘన్ తోడికోడలు కేట్‌ని ఏడిపించిందని పత్రికలు రాశాయి. ఏడ్చింది తనేనని మేఘన్ 2021 మార్చిలో టీవీలో చెప్పుకుంది. ఈలోగా రెండేళ్లకు పైగా గయ్యాళి అనే పేరు మోసింది. కొత్త కోడలు ఇల్లు విడదీసిందనే కథకి లండనైతేనేం, రాజమండ్రైతేనేం, సాక్ష్యం అడిగేవాళ్లుండరు.

మూడో మాట కాస్త బరువైనది: ‘మమ్మల్ని మా మానాన వదలండి అన్నవాడు, తన బతుకు తనే అమ్ముకున్నాడు.’ దీనికి జవాబు కోర్టే చెప్పింది. మిర్రర్ పత్రికలవాళ్లు అతని ఫోన్ సందేశాలు దొంగచాటుగా విన్నారనీ, విచారణకి తీసుకున్న 33 వార్తల్లో 15 అక్రమంగా సంపాదించినవేననీ లండన్ హైకోర్టు 2023 డిసెంబరులో తీర్పిచ్చింది. 2025 జనవరిలో సన్ పత్రిక యాజమాన్యం అతనికి క్షమాపణ చెప్పి, పరిహారమిచ్చి రాజీపడింది. తల్లి బతుకులో చొరబడినందుకూ క్షమాపణ చెప్పింది. దొంగ మన బీరువా పగలగొట్టి చీరలు వీధిలో పరవడమూ, మనమే తాళం తీసి చూపించడమూ ఒకటేనా?

అలాగని అతను రాసిందంతా మెచ్చుకోమనను. 2019లో అన్న తోస్తే కుక్క గిన్నె మీద పడ్డానన్న ముచ్చట లోకానికెందుకు? అఫ్గానిస్తాన్ యుద్ధంలో 25 మందిని చంపానని లెక్క చెప్పి, వాళ్లని చదరంగం పావులతో పోల్చడం నాకు ఒళ్లు జలదరించేలా ఉంది. తన గాయం చెప్పుకునే హక్కు అతనిదే గానీ, అన్నగారి బీరువా తాళం చెవి అతనిది కాదు. అతన్ని తప్పుపట్టవలసిన చోట్లు ఇవి. మరి విమర్శ అక్కడ ఆగిందా? ‘అసలు నోరెత్తడమే తప్పు’ దాకా పోయింది. నాకు పడనిది అదే.

మన సామెతే తీసుకోండి. గుట్టు చెప్పినవాడు విభీషణుడు, నిజమే. లంక కాలింది, పడింది మాత్రం పరాయివాడి భార్యని ఎత్తుకొచ్చి అశోకవనంలో పెట్టినందుకు. తప్పని ముందు ఇంట్లోనే చెప్పాడు, వినలేదు. చేటు తెచ్చింది రావణుడైతే సామెత విభీషణుడి మీద కట్టాం!

డయానా సంగతీ అంతే. 1992లో ఆండ్రూ మోర్టన్ పుస్తకంలో ఆమె కష్టాలు బయటికొస్తే, కట్టుకథలని కొట్టిపారేసినవాళ్లెందరో. ఆమె రహస్యంగా టేపుల్లో మాట్లాడి ఇచ్చిన సంగతులే అవి అని 1997లో, ఆమె పోయాక తెలిసింది. అప్పుడు పూలు తెచ్చి రాజప్రాసాదం ముందు గుట్టలు పోశారు. బతికుండగా చెప్పింది వినడానికి తీరిక లేకపోయింది పాపం.

ఏమ్మా, మన ఇళ్ల గుట్టు సంగతేమిటి? అత్తింట్లో దెబ్బలు తిన్న పిల్ల పుట్టింటికొస్తే, కొట్టినవాణ్ణి వదిలేసి, ‘నలుగురికీ తెలిస్తే పరువేం కాను?’ అని ఆ పిల్లనే కదా మందలిస్తాం? ‘స్పేర్’ నచ్చకపోతే అవతల పారెయ్యండి, నాకేం అభ్యంతరం లేదు. ‘వాడు నోరు మూసుకు పడుండాల్సింది’ అని మాత్రం పిల్లల ముందు అనకండి. పక్కగదిలో చదువుకుంటున్న మీ అమ్మాయి ఆ మాట వింటోంది. రేపు తనకేదైనా కష్టం వస్తే, మీకు చెప్పాలా వద్దా అని ఇవాళే నిర్ణయించుకుంటోంది.