కలుపునకు అదను ముఖ్యము

మన రైతులు వరిచేలో కలుపు తీయరని ఎవ్వరును అనజాలరు. కూలి ఎంత పెరిగినను అప్పో సొప్పో చేసి తీయించుచునే యున్నారు. కాని ఎప్పుడు? గట్టుమీద నిలిచి చూచినప్పుడు ఊద పైరును మించి కనబడిన పిదప! అప్పటికే నష్టము చాలవరకు జరిగిపోయినదని నా అభిప్రాయము.

వరి పిలకలు తొడుగుట నాటిన తరువాత కొలది వారములలోనే జరుగును. ఆ దినములలో ఊద, తుంగ ప్రక్కన పెరిగినచో నేలలోని నత్రజనిని అవియే ముందుగా లాగుకొనును. ఊద పైకి లేచి వెలుతురును అడ్డగించును. పిలకలు తగ్గినచో వెన్నులు తగ్గును. 45వ దినమున చేనిని అద్దమువలె శుభ్రము చేసినను పుట్టని పిలక మరల పుట్టదు. కూలి మాత్రము పూర్తిగా చెల్లింపవలసినదే.

“యూరియా చల్లినచో పైరు తేరుకొనును గదా” అని కొందరందురు. కలుపు ఉండగా చల్లిన యూరియా ఊదకు విందు. ముందు కలుపు, పిదప ఎరువు, ఇదియే వరుస.

కావున నాటిన 15–20 దినములకు మొదటి కలుపు, 35–40 దినములలోపల రెండవ కలుపు తీయింపుడు. వెదజల్లిన చేలలో పైరు, కలుపు ఒక్కసారే మొలచును గనుక అచ్చట మరింత త్వరపడవలెను.

నాట్లు, కలుపులు అందరికి ఒక్కసారే వచ్చుటచే కూలీలు దొరకరను మాట నిజమే. అందులకు ఉపాయములు లేకపోలేదు. నాటు కుదురుకొన్న పిదప 1–2 అంగుళముల నీరు నిలిపినచో ఊద గింజలు చాలవరకు మొలవవు. వరుసలలో నాటిన చేనిలో కోనోవీడరు నడుపవచ్చును. కలుపు మందులకును అదనే ప్రధానము. ప్రెటిలాక్లోరును నాటిన 3–5 దినములలో ఇసుకతో కలిపి, పలుచగా నీరున్న మడిలో చల్లవలెను. బిస్‌పైరిబాక్ సోడియమును ఊద 2–4 ఆకుల దశలో నుండగానే పిచికారి చేయవలెను.

లేత ఊద అచ్చముగా వరివలె నుండును. ఆకు కాడను అంటుకొను చోట పరీక్షింపుడు. వరికి అచ్చట పలుచని పొరవంటి నాలుక యుండును, ఊదకు ఉండదు. కలుపు తీయు స్త్రీలకు చూపుతోనే తెలియు ఈ భేదమును మన యువరైతులును నేర్వవలెను.

గ్రామాధికారులకు ఒక మనవి. ఒక్క ఊద మొక్క వేలకొలది గింజలనిచ్చి, వరి కోతకు ముందే రాల్చివేయును. కాలువ గట్లమీది ఊదను గింజ పట్టకమునుపే కోయించినచో ఊరందరికి మేలు.

పది దినములు ఆగి కలుపు ఖర్చు తగ్గించుకొందమనుట పొదుపు కాదు. గాదె చేరవలసిన ధాన్యమును ఊదకు అప్పగించుటయే యగును.