దారి చూపినాయన పేరేది?

నల్లమల మీద మనవాళ్ళు రాస్తున్న ట్రెక్కింగ్ వ్యాసాలతో నాకో పేచీ ఉంది. ఏది తెరిచినా అదే వరస. శుక్రవారం రాత్రి హైదరాబాద్‌లో బయలుదేరడం, మన్ననూరు దగ్గర టీ, లోయలోకి దిగడం, నీటి గుండం కనపడగానే ఆఫీసు గుర్తొచ్చి ఓ తాత్విక పేరా. మధ్యలో ఎక్కడో "మా గైడ్, ఒక చెంచు అన్న" అని ఒక్క ముక్క. కారుకి మోడల్ పేరుంటుంది, బూట్లకి బ్రాండ్ పేరుంటుంది. ముందు నడిచినాయనకి మాత్రం పేరుండదు.

ఏనుగుల వీరాస్వామయ్య 1830 మేలో మద్రాసులో బయలుదేరి, అహోబిలం, శ్రీశైలం మీదుగా కాశీ వెళ్ళొచ్చాడు. ఆ 'కాశీయాత్ర చరిత్ర' 1838లో అచ్చయింది. ఆయన పల్లకీలో వెళ్ళాడు, బోయీల సంగతి దాచలేదు. మనం గైడు వెనక నడిచి 'సోలో ట్రెక్' అని రాసుకుంటున్నాం. ఎవరు నయం?

సలేశ్వరం సంగతే చూద్దాం. చైత్ర పౌర్ణమికి జరిగే జాతర. ఎండ నెత్తిమీద మండుతుంటే రాళ్ళ మీదుగా లోయలోకి దిగాలి. అడుగున, పైనుంచి నీళ్ళు పడే గుండం, పక్కన గుహలో లింగయ్య. పూజారులు చెంచులే. అంతటి ఎండాకాలంలో ఆ లోయలో నీళ్ళెందుకు ఉన్నాయి, ఏ వాగు ఏ నెలలో ఎండుతుంది, ఎండిన వాగులో చెలమ ఎక్కడ తవ్వితే నీరూరుతుంది, ఎలుగుబంటి తాగడానికొచ్చే వేళ ఏది? ఇవన్నీ తెలిసిన మనిషి పక్కనే నడుస్తుంటే, మనవాడు "మాటలకందని నిశ్శబ్దం" అని రాస్తాడు. అడగకపోతే నిశ్శబ్దంగానే ఉంటది మరి.

నన్ను నిజంగా మండించేది ఇంకొకటి. మా ఫీల్డు సంగతి కాబట్టి కాస్త వివరంగా చెప్తా. గైడు ముందు నడుస్తాడు. వెనకాల వచ్చేవాడి జేబులో ఫోన్ ఆ దారినంతా రికార్డు చేస్తుంటుంది. ఆదివారం రాత్రికి అది జీపీఎక్స్ ఫైలుగా ఏదో యాప్‌లో ఎక్కుతుంది, ఫోన్ ఓనర్ పేరు మీద. వచ్చే వారం ఇంకో బ్యాచ్ ఆ ఫైలు దించుకుని గైడు లేకుండానే వెళ్తుంది. ఆయన అడుగులే ఆయన కూలిని మింగేశాయి. వాళ్ళు వెళ్ళేది ఎండాకాలంలో జంతువులకి మిగిలిన ఒకే ఒక్క నీటి దగ్గరికి కావచ్చు. ఆ ముక్క ఫైల్లో ఉండదు. ఒకడు రాసిన కోడ్‌ని ఇంకొకడు తన పేరుతో కమిట్ చేస్తే ఆఫీసులో ఎంత గొడవ చేస్తామో మనకి తెలుసు.

"డబ్బులిచ్చాం కదా" అంటారు. ఇచ్చారు, ఒక రోజు నడకకి. దారి మీద హక్కు కొనుక్కోలేదు.

పేరు లేకపోతే ఏమవుతుంది, సాహిత్యంలో చిన్న లోపమే కదా అనుకునేవాళ్ళు 2006 అటవీ హక్కుల చట్టం నియమాలు ఒకసారి చదవాలి. హక్కు రుజువు చేసుకోవడానికి పెద్దల వాంగ్మూలాలూ, పాత కట్టడాల గుర్తులూ, శ్మశానాలూ, పవిత్ర స్థలాలూ సాక్ష్యమే అక్కడ. అంటే ఎవరు ఏ దారిన తిరిగారు, ఏ గుండంలో నీళ్ళు తాగారు అన్నది కాగితం మీద విలువున్న విషయం. ఇంకోపక్క అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ లోపలి గూడేలని బయటికి తరలించే మాటలు ఏళ్ళుగా నడుస్తున్నాయి. 2021లో తరలింపు ప్యాకేజీని కుటుంబానికి 10 లక్షల నుంచి 15 లక్షలకి పెంచారు. అదే ఏడాది మన్ననూరులో పర్యాటకుల కోసం టైగర్ స్టే ప్యాకేజీ మొదలైంది. రెండూ ప్యాకేజీలే, ఒకటి రమ్మనేది, ఇంకోటి పొమ్మనేది. సరిగ్గా ఈ టైములో మనం "మనిషి అడుగుపెట్టని లోయ" అని రాస్తున్నాం! తరలింపు ఫైలుకి ఇంతకంటే మంచి ముందుమాట ఇంకెవరూ రాసివ్వలేరు.

నేను మిర్యాలగూడవాణ్ణి. మా మిల్లుల్లో ఆడే వడ్లు సాగర్ ఎడమ కాలువ కింద పండినవి. ఆ నీళ్ళు శ్రీశైలం దాటాక నల్లమల లోయలోంచే వస్తాయి. కాబట్టి ఆ అడవి నాకేం పట్టదని అనలేను. 2019లో యురేనియం తవ్వకాలు వద్దని ఊరూవాడా అరిచాం, సెప్టెంబర్‌లో అసెంబ్లీ తీర్మానం కూడా చేసింది. అప్పుడు ఫేస్‌బుక్‌లో నా కంటబడ్డ కవితల్లో పులి ఉంది, కృష్ణమ్మ ఉంది. పెంట అన్న మాట ఎన్నింటిలో ఉంది? చెంచుల గూడేన్ని పెంట అంటారని చాలామందికి నేను ఇప్పటికీ చెప్పాల్సొస్తోంది. హైమెండార్ఫ్ అనే ఆస్ట్రియా దేశస్థుడు 1943లోనే వాళ్ళ మీద పుస్తకం వేశాడు. మనది పక్క జిల్లా.

ఆస్ట్రేలియాలోనూ ఎడారి లోయలూ నీటి గుంటలూ చూపించే వ్యాపారం పెద్దది. అక్కడ 1985లో ఉలూరు కొండని అనంగు జనానికి తిరిగిచ్చారు, 1989లో నిట్మిలుక్ లోయని జావోయిన్ జనానికి ఇచ్చారు. రెండూ నేషనల్ పార్కులుగానే ఉన్నాయి, యాత్రికులు వస్తూనే ఉన్నారు. ఉలూరు ఎక్కడం మాత్రం 2019 అక్టోబర్ 26 నుంచి బంద్. ఎక్కొద్దని ఆ కొండ సొంతదార్లు చాలా ఏళ్ళుగా అడుగుతూ వచ్చారు. అక్కడ అన్నీ సక్రమంగా ఉన్నాయని కాదు. కాకపోతే ఎవర్ని అడగాలన్న సంగతి తేలింది.

ట్రెక్కులు మానమని నేననట్లేదు. గైడుతోనే వెళ్ళండి, ఆయన మాట్లాడేదాకా ఆగండి. వ్యాసం రాస్తే పేరు వెయ్యొచ్చా అని ఆయన్నే అడగండి. వద్దంటే ఎందుకు వద్దన్నాడో రాయండి, మీ గుండం పేరా కంటే అది బాగుంటుంది. దారి ఫైలు పెట్టాలా వద్దా అన్నదీ ఆయన్నే అడగాలి. జీపీఎక్స్‌లో 'ఆథర్' అని ఒక గడి ఉంటుంది, చాలామంది దాన్ని తెరిచి కూడా చూసి ఉండరు.