కంపెనీ పని.. కారు మాత్రం మనది!

1794 జులై 10న విజయనగరం రాజు చిన విజయరామరాజు ఈస్టిండియా కంపెనీ సైన్యంతో తలపడింది మా పద్మనాభంలోనే. ఇప్పుడు మా ఊరి కుర్రాళ్లకి కంపెనీతో ఉన్న పేచీ వేరు. ‘సార్, నా కన్వేయన్స్ బిల్లు ఎప్పుడు పాసవుతుంది?’

పద్మనాభం నుంచి ఆనందపురం మీదుగా మధురవాడ, రుషికొండ ఐటీ ఆఫీసులకి నాలాగే సొంత కారులో వెళ్లొచ్చేవాళ్లు ఉన్నారు. ఈఎంఐ ఎంతో, మైలేజీ ఎంతో అందరికీ నోటికొచ్చు. కానీ ఈ కారుతో మనం చేస్తున్న పని ఏ రకం? ఆఫీసుకి వెళ్లి రావడం ఒకటి. ఆఫీసు పంపిస్తే క్లయింటు దగ్గరికో, సైటుకో తిరగడం రెండోది. కారునే కిరాయికి తిప్పడం మూడోది. రోడ్డు అదే, కారు అదే. పన్ను వాళ్లకి, బీమా వాళ్లకి మాత్రం ఈ మూడూ వేర్వేరు.

ముందు ఖర్చు చూద్దాం. రోజుకి రానూపోనూ 60 కిలోమీటర్లు, నెలకి 22 రోజులు అనుకోండి. మొత్తం 1,320 కిలోమీటర్లు. లీటరుకి 16 ఇచ్చే కారైతే, లీటరు 110 రూపాయల లెక్కన పెట్రోలుకే సుమారు 9,000. టైర్లు, సర్వీసింగ్ కలిపి కిలోమీటరుకి రూపాయి ముప్పై పైసలు వేసుకుంటే ఇంకో 1,700. అసలు దెబ్బ కారు విలువ తగ్గడం. బీమా వాళ్లు ఐడీవీ కట్టే పట్టికలో నాలుగేళ్లు దాటిన కారుకి 50 శాతం తరుగు ఉంటుంది. 8 లక్షల కారు అయిదేళ్లలో 4 లక్షలైతే ఏడాదికి 80,000 పోయినట్టే. ఏడాదికి 20,000 కిలోమీటర్లు తిరిగితే కిలోమీటరుకి 4 రూపాయలు. అన్నీ కలిపితే 12 దాటుతుంది. కంపెనీ కిలోమీటరుకి 8 ఇస్తే పెట్రోలు డబ్బులు వచ్చేశాయని సంబరపడతాం. మిగతా 4 మన కారు కరిగి కడుతోంది.

ఇక పన్ను. ఇల్లు-ఆఫీసు పెట్రోలుకి మన జేబులోంచి పెట్టింది జీతంలోంచి తీసేసి చూపించడానికి లేదు. నెలకి 1,600 రూపాయల ట్రాన్స్‌పోర్ట్ అలవెన్స్ మినహాయింపు ఒకప్పుడు ఉండేది. 2018-19 నుంచి దాని బదులు స్టాండర్డ్ డిడక్షన్ వచ్చింది. ఇప్పుడది కొత్త విధానంలో 75,000, పాత విధానంలో 50,000. మీరు కారులో వెళ్లినా, బస్సెక్కినా, ఇంట్లోంచే పనిచేసినా అంతే!

ఆఫీసు పని మీద తిరిగినదాని లెక్క వేరే. ఆ ఖర్చుకి ఇచ్చే కన్వేయన్స్ అలవెన్స్‌కి కొత్త విధానంలోనూ మినహాయింపు ఉంది, కానీ నిజంగా ఖర్చయినంత వరకే. ఖర్చు చూపించలేకపోతే అది కూడా జీతమే. అందుకే ఫోన్లో ఒక షీట్ పెట్టుకోండి. తేదీ, ఎక్కడికి వెళ్లారు, ఎన్ని కిలోమీటర్లు, ఎంత ఖర్చు.. నాలుగు గడులు చాలు. ఓడోమీటర్ ఫొటో, బంకు బిల్లు అదే రోజు అందులో పడేయండి. మార్చిలో హెచ్‌ఆర్ మెయిల్ వచ్చాక గుర్తు తెచ్చుకుందామంటే కుదరదు.

అన్నిటికంటే పెద్ద విషయం బీమా. నా కారులో రోజూ ఇద్దరు కొలీగ్స్ వస్తారు. పక్క ఊళ్ల వాళ్లే. రాత్రి షిఫ్టు ఉన్నా వాళ్ల అమ్మలు నన్ను నమ్మి పంపిస్తారు. వాళ్లకేమైనా అయితే? 1000 నుంచి 1500 సీసీ కారుకి థర్డ్ పార్టీ ప్రీమియం 2022 జూన్ రేటు ప్రకారం 3,416 రూపాయలు. చవకే కదా అని అదొక్కటే కట్టి ఊరుకుంటే, కారులో ఊరికే ఎక్కించుకున్న స్నేహితుడికి అందులో రక్షణ లేదు. ప్యాకేజీ పాలసీ, అంటే మనం కాంప్రహెన్సివ్ అనేదానిలో, కారులో ఉన్నవాళ్లకి కూడా రక్షణ ఉంటుందని ఐఆర్‌డీఏ 2009 నవంబరులోనే స్పష్టం చేసింది. 2012లో సుప్రీంకోర్టు కూడా ఈ తేడాని గుర్తుచేసింది. తప్పనిసరిగా కట్టే 15 లక్షల ప్రమాద బీమా కారు నడిపే ఓనరుకి మాత్రమే. పక్కన కూర్చునేవాళ్లకి కావాలంటే యాడ్-ఆన్ తీసుకోవాలి.

మా వీధిలో ఒక అన్న తన వైట్ ప్లేట్ కారుని నెలకింత అని ఒక కాంట్రాక్టరుకి ఇద్దామనుకున్నాడు. ‘ఈఎంఐ వచ్చేస్తుంది కదరా’ అన్నాడు. ‘అన్నా, ముందు నీ పాలసీ తియ్యి’ అని, వాడకం పరిమితులు ఉన్న పేజీ చూపించాను. సొంత పనికి, ఆఫీసు పనికి ఓకే. కిరాయికి మాత్రం కుదరదు. యాక్సిడెంట్ అయితే డ్యామేజీ క్లెయిము తిరస్కరించొచ్చు. బయటివాళ్లకి నష్టపరిహారం బీమా కంపెనీ కట్టినా, తర్వాత ఓనరు దగ్గర వసూలు చేసుకోమని కోర్టు చెప్పొచ్చు. పర్మిట్ లేకుండా కిరాయికి తిప్పితే మోటారు వాహనాల చట్టం 192ఏ సెక్షన్ కింద 10,000 జరిమానా, ఆరు నెలల దాకా జైలు కూడా. అన్న ఆగాడు. ఇస్తే ఎల్లో ప్లేట్ చేయించి, పర్మిట్, కమర్షియల్ పాలసీ తీసుకునే ఇస్తానన్నాడు.

ఫ్రెండ్స్‌తో పెట్రోలు పంచుకునేవాళ్లు కూడా ఇది చూసుకోవాలి. సీటుకింత అని రేటు పెట్టి మిగుల్చుకోవడం మొదలైతే అది కిరాయి కిందికే వస్తుంది. మా ముగ్గురిలో నేను డబ్బులు తీసుకోను, వాళ్లు నాకు టిఫిన్ పెట్టిస్తారు.

మీ పాలసీ పీడీఎఫ్ వాట్సాప్‌లోనో మెయిల్లోనో ఉంటుంది. ఈ రాత్రికే తెరిచి రెండు చూడండి: ప్యాకేజీయా, థర్డ్ పార్టీయా? పక్క సీటుకి కవర్ ఉందా, లేదా? లేకపోతే రేపు ఎవరినీ ఎక్కించుకోకముందే ఏజెంటుకి ఫోన్ చేయండి.