తేలే ఇటుకలో రహస్యం లేదు, పనితనం ఉంది

రామప్ప గుడి గురించి ఎవరిని అడిగినా మొదట వినిపించేది తేలే ఇటుక. ఆ వెంటనే, శిల్పి పేరుతో పిలిచే గుడి దేశంలో ఇదొక్కటేనంటారు. ఇంకాస్త ముందుకు వెళ్లి, ఇప్పటి సైన్సుకు కూడా అంతుపట్టని విద్య ఏదో మన పూర్వీకులకు తెలుసంటారు. లేపాక్షి అంటే వేలాడే స్తంభం, గోల్కొండ అంటే చప్పట్లు, చార్మినార్ అంటే సొరంగం. బడిపిల్లల క్విజ్ పుస్తకాల్లోనూ, ఫోన్లలో చేతులు మారే వీడియోల్లోనూ మన కట్టడాలు ఇలా వింతల పట్టికగానే మిగిలాయి. ఎంత అంతుచిక్కకపోతే అంత గొప్ప అన్న అభిప్రాయం స్థిరపడిపోయింది. ఈ అభిప్రాయం తప్పు. ఆ కట్టడాలను లేపిన మనుషులకు అన్యాయం కూడా. ఈ సంగతి సంగారెడ్డి జిల్లాలో మందుల ఫ్యాక్టరీలున్న గడ్డపోతారం, కాజిపల్లి, బొల్లారం వాళ్లకు ఎవరూ ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు. మందుల ఫ్యాక్టరీలో ఏదీ ఊరికే తయారవదని, ప్రతి పొడి వెనకా కొలత, వేడి, సమయం, కాపలా ఉన్న మనిషి ఉంటారని ఇక్కడ షిఫ్టు చేసేవాళ్లందరికీ తెలుసు.

ముందు ఆ ఇటుక సంగతే చూద్దాం. నీటిలో తేలుతోందంటే దాని సాంద్రత నీటి కంటే తక్కువని అర్థం. మామూలు కాల్చిన ఇటుక ఘనసెంటీమీటరుకు గ్రామున్నర నుంచి రెండు గ్రాముల మధ్య తూగుతుంది. రామప్ప శిఖరంలో వాడిన ఇటుక ఒక్క గ్రాముకు లోపే. కారణం దాని లోపల నిండా ఉన్న సన్నటి రంధ్రాలు. మట్టిలో ఊకో రంపపు పొట్టో కలిపి కాలిస్తే అది కాలిపోతుంది, అది ఉన్న చోటు ఖాళీగా మిగులుతుంది. రామప్ప ఇటుకకు కూడా ఇలాంటి పద్ధతే వాడి ఉంటారన్నది పరిశీలకుల ఊహ. సూత్రం ఇంత తేలిక. కష్టమంతా కొలతలో ఉంది. పొట్టు ఎక్కువైతే ఇటుక చేతిలోనే పొడైపోతుంది, తక్కువైతే బరువు తగ్గదు. బట్టీ వేడి మితిమీరితే మట్టి కరిగి రంధ్రాలు మూసుకుపోతాయి, చాలకపోతే మొదటి వానకే నానిపోతుంది. ఈ నాలుగింటి మధ్య నిలిచే ఒక్క దారి కనిపెట్టి, శిఖరానికి సరిపడా ఇటుకలన్నిటినీ అదే కొలతలో దింపడం మామూలు పని కాదు. పాడైన బట్టీల నుంచి నేర్చుకున్న మనుషులే అలా చేయగలరు. వాళ్లు ఆ కొలత రాసిపెట్టలేదు, రాసినా మనదాకా రాలేదు. అంతమాత్రాన అది మానవాతీతం అయిపోతుందా? బీఎంఆర్ (ఒక బ్యాచ్ తయారీ వివరాలన్నీ రాసే రికార్డు) పోతే ఒక మందును మళ్లీ చేయడం కష్టమవుతుంది, ఆ మందు దేవరహస్యంగా మారిపోదు.

ఇలాంటిది ప్రపంచంలో మరెక్కడా లేదన్న మాట కూడా నిలవదు. రెండు వేల ఏళ్ల కిందటి రోమన్ వాస్తుశిల్పి విట్రూవియస్ తన గ్రంథంలో తేలే ఇటుకల గురించి రాశాడు. ఆసియా మైనర్‌లోని పిటానేలోనూ, స్పెయిన్‌లోని రెండు ఊళ్లలోనూ నురుగురాయి లాంటి మట్టితో అలాంటి ఇటుకలు చేస్తారనీ, గోడల మీద బరువు పడకపోవడం వాటి మేలు అనీ చెప్పాడు. 18వ శతాబ్దం చివర ఇటలీలో ఫాబ్రోనీ అనే పండితుడు ఆ వర్ణన ఆధారంగా అలాంటి ఇటుకలు మళ్లీ చేసి చూపించాడు. హేడ్రియన్ చక్రవర్తి కాలంలో రోమ్‌లో కట్టిన పాంథియాన్ గుమ్మటం అడ్డుకొలత 43 మీటర్లు. దాని పైభాగంలోని కాంక్రీటులో బరువు తగ్గించడానికి నురుగురాయి కలిపారు. ఇవన్నీ చెబితే రామప్పను కట్టిన కాకతీయుల ఘనత తగ్గిపోతుందని బాధపడేవాళ్లున్నారు. నిజానికి పెరుగుతుంది. విట్రూవియస్ చెప్పిన ఊళ్లకు అలాంటి మట్టి నేలలోనే దొరికింది. రామప్ప గుడి ఉన్న పాలంపేటలో అగ్నిపర్వతపు నురుగురాయి లేదు, అక్కడ ఆ తేలికదనాన్ని మనుషులే తయారుచేసుకోవాల్సి వచ్చింది. పక్కన ఇంకొకరి పని పెట్టి పోల్చినప్పుడే మనవాళ్లు ఏం సాధించారో స్పష్టంగా తెలుస్తుంది.

అసలు ఆ ఇటుకను నీళ్లలో తేల్చడానికి ఎవరూ చేయలేదు. ఇసుక నింపిన పునాది, ఇసుకరాయి గోడలు, నల్లని డోలరైట్ స్తంభాలు, దూలాలు, వీటన్నిటి పైన శిఖరం. మీద పడే బరువు తగ్గించాలన్నది వాళ్ల ఆలోచన, తేలడం దాని వల్ల వచ్చిన గుణం. తేలడమే ముఖ్యమైపోయాక ఈ ఆలోచన ఎవరికీ కనబడదు. ఇంకో నష్టం దీనికంటే పెద్దది. రహస్యబలం ఉన్న గుడికి ఏమీ కాదని నమ్ముతాం. ఇసుక పునాది ఉంది కాబట్టి చెక్కుచెదరదని చెప్పుకుంటాం. కానీ రామప్పలో నేల ఎగుడుదిగుడైంది. అదే ఆవరణలోని కామేశ్వరాలయాన్ని పూర్తిగా విప్పి మళ్లీ కట్టే పని పెట్టుకోవాల్సి వచ్చింది. 2021లో యునెస్కో గుర్తింపు వచ్చినప్పుడు ఊరూరా పండగ చేసుకున్నాం. వాననీరు ఎటు పోతోంది, పునాది ఎక్కడ కుంగుతోంది అని అడిగినవాళ్లు అంతమంది లేరు. వింతకు మరమ్మతు గుర్తురాదు, మనుషులు చేసిన వస్తువుకే గుర్తొస్తుంది.

శిల్పాల విషయంలోనూ ఇదే అన్యాయం జరుగుతోంది. కాకతీయుల సేనాని జాయప తన నృత్యశాస్త్ర గ్రంథం నృత్తరత్నావళిలో చెప్పిన భంగిమలనే రామప్పలో చెక్కారని చాలామంది రాస్తారు. గుడిలో ప్రతిష్ఠ, దానాలు చెప్పే శాసనం 1213 నాటిది. నృత్తరత్నావళి 1253-54 ప్రాంతంలో వచ్చింది. గుడి పని 40 ఏళ్లు సాగిందన్న అభిప్రాయం ఉంది కదా అని ఎవరైనా అడగవచ్చు. అలాగే అనుకున్నా, పుస్తకం పూర్తయ్యేసరికి శిల్పులు పనిముట్లు సర్దుకునే దశలో ఉండాలి. నల్లరాతి మదనికలను చెక్కినవాళ్లు గ్రంథం ముందు పెట్టుకుని చెక్కలేదు, కళ్ల ముందు ఆడుతున్న ఆటను చూసి చెక్కారన్నదే సబబైన ఊహ. పండితుడు తర్వాత వచ్చి దాన్ని శాస్త్రంగా కూర్చాడు. 20వ శతాబ్దంలో నాట్యాచార్యుడు నటరాజ రామకృష్ణ పేరిణి నృత్యాన్ని మళ్లీ నిలబెట్టడానికి ఈ శిల్పాల దగ్గరికే వచ్చారు. పనివాడి కంటే పుస్తకం ముందుండాలనే అలవాటు మనలో ఎంత లోతుగా ఉందంటే, తేదీలు ఎదురుగా ఉన్నా క్రమం తిప్పి చెప్పేస్తున్నాం. రామప్ప అన్న పేరు జనం నోట నిలిచింది. కానీ శాసనం కీర్తించేది కట్టించిన రేచర్ల రుద్రుణ్ని.

లేపాక్షిలో జనం స్తంభం కింద తువ్వాలు దూర్చి లాగుతారు. చాలా స్తంభాలున్న మండపంలో బరువును పైదూలాలు పంచుకుంటాయి. ఒక స్తంభం మోయకపోతే పక్కవి మోస్తాయి. ఇందులో భౌతికశాస్త్రం ఓడిపోయిందేమీ లేదు. ఆ వంగినవాళ్లు తల పైకెత్తితే కప్పు నిండా విజయనగర కాలపు చిత్రాలున్నాయి, ఆనాటి చీరల అంచులు, తలపాగాలు రంగులతో సహా. గోల్కొండలో ఫతే దర్వాజా దగ్గర చప్పట్లు కొట్టి వచ్చేస్తాం. ఆ కొండ మీద బాలాహిసార్ దాకా నీళ్లు ఎలా ఎక్కాయన్నది అంతకంటే గట్టి ప్రశ్న. మట్టి గొట్టాలు, పర్షియన్ చక్రాలు, మెట్టుమెట్టుకీ ఒక తొట్టి. పంపుహౌసు చూసుకునే మనిషికి ఆ ఏర్పాటు ఒక్క చూపులో అర్థమవుతుంది.

వింత లేకపోతే జనం రారు, పిల్లలు వినరు, పర్యాటకం నడవదు అని చెప్పేవాళ్ల వాదన కొట్టిపారేయదగినది కాదు. తేలే ఇటుక లేకపోతే పాలంపేట పేరు చాలామంది విని ఉండరన్నది నిజం. అయితే ఆ ఆసక్తి వింత ఉన్నచోటే ఆగిపోతుంది, వింత లేని చోటికి ఒక్క అడుగు వేయదు. అందుకు సంగారెడ్డి జిల్లాయే సాక్ష్యం. రామప్ప మీద 1922లో పాలంపేట ఆలయాల పుస్తకం రాసిన గులాం యజ్దానీయే 1940 ప్రాంతంలో ఈ జిల్లాలోని కొండాపూర్ దిబ్బలను తవ్వించారు. శాతవాహనుల కాలపు పట్టణం బయటపడింది. అక్కడి బొమ్మలు కొన్ని కయోలిన్‌తో చేసినవి, మందుల పరిశ్రమకు బాగా తెలిసిన తెల్లమట్టి అది. ముందు సగానికి ఒక అచ్చు, వెనక సగానికి ఒక అచ్చు. మట్టి పచ్చిగా ఉండగానే రెండు సగాలూ అతికారు, లోపల బోలుగా వదిలారు. దాంతో బొమ్మ తేలికైంది, కాల్చేటప్పుడు పగలకుండా నిలిచింది. జుట్టు దువ్విన తీరు కూడా తెలిసేంత సన్నటి పని. పాలంపేట ఇటుకకు వెయ్యేళ్ల ముందే తేలిక చేయడం గురించి ఇక్కడ ఆలోచించారు. సదాశివపేట దగ్గర నందికందిలో 11వ శతాబ్దపు కళ్యాణి చాళుక్యుల రామలింగేశ్వరాలయం నక్షత్రాకారంలో ఉంది. అలాంటి ఆకారానికి ఒక చదరాన్ని అదే కేంద్రం మీద కొంచెం కొంచెంగా తిప్పుతూ గీస్తే చాలు, తాడూ మేకూ ఉన్న మేస్త్రీ గీయగలడు. పటాన్‌చెరు ఒకప్పుడు జైనుల కేంద్రం, అక్కడ దొరికిన శిల్పాలు హైదరాబాద్ మ్యూజియాల్లో ఉన్నాయి. ఇన్ని ఉన్నా పటాన్‌చెరు పేరు చెబితే గుర్తొచ్చేది పొగగొట్టాలు, ఫ్యాక్టరీల మురికితో పాడైన నక్కవాగు. ఈ ప్రాంతానికి చరిత్ర లేదని ఇక్కడివాళ్లే అనుకుంటారు, ఎందుకంటే ఇక్కడ తేలేది, వేలాడేది ఏదీ లేదు.

ఫ్యాక్టరీల మధ్య బతికే పిల్లలకు ఇవన్నీ ఎందుకన్నది చివరి అభ్యంతరం. ఈ ఊళ్ల పిల్లల్లో చాలామంది రేపు ఆపరేటర్లు, ఫిట్టర్లు, కెమిస్టులు అవుతారు. రామప్ప ఇటుకల బట్టీ దగ్గర వేడి చూసుకున్న మనిషి ఏం పని చేశాడో అందరికంటే బాగా అర్థం చేసుకోగలిగేది వాళ్లే. గడ్డపోతారం బడి నుంచి కొండాపూర్ మ్యూజియానికి ఒక బస్సు వేస్తే ఒక్క పూటలో వెళ్లి రావచ్చు. అక్కడ పిల్లలకు వింతలు చెప్పక్కర్లేదు. ఒక తెల్ల బొమ్మను పక్కనుంచి చూపించి, రెండు అచ్చుల అతుకు ఎక్కడుందో వెతకమంటే చాలు.