దయ్యం కాదు, మత్తుమందు

మా పెనుబల్లి దగ్గర ఒక గూడెంలో జరిగిన సంగతి ఇది. పట్నంలో తాపీ పనికి పోయిన మనిషి పండక్కి ఇంటికొచ్చాడు. రెండోరోజుకే చేతులు వణుకు, కంటిమీద కునుకు లేదు. మన తాటికల్లు తాగించినా ఆ వణుకు ఆగలేదు. మూడోరాత్రి గోడల మీద పాములు పాకుతున్నాయనీ, ఎవరో చంపుతామంటున్నారనీ ఒకటే కేకలు. దయ్యం పట్టిందని వేపచెట్టుకు కట్టేసి భూతవైద్యుడికి కబురంపారు. నేను కట్లిప్పించి ఆస్పత్రికి తీసుకుపోతే, "తాగుబోతు కేసు, ఇంటికి తీసుకుపో పంతులూ" అన్నారు.

చదువులేనోళ్ళు దయ్యమన్నారు. చదువుకున్నోళ్ళు తాగుబోతన్నారు. రోగి అన్నోళ్ళు ఏరి?

పట్నంలో కల్లని అమ్మేదంతా చెట్టు కల్లు కాదు. క్లోరల్ హైడ్రేట్, డైజిపామ్, అల్ప్రజోలం కలిపిన నీళ్ళు కూడా కల్లు పేరుతోనే అమ్ముడుపోతాయి. ఇవన్నీ నిద్రమందులు. రోజూ తాగితే మెదడు వాటికి అలవాటు పడుతుంది. ఒక్కసారిగా ఆగిపోతే పగ్గం తెగిన ఎద్దులా అదుపు తప్పుతుంది. వణుకు, ఫిట్సు, లేనివి కనపడటం, లేని మాటలు వినపడటం. ప్రాణం కూడా పోవచ్చు. ఏళ్ళతరబడి సారా, బ్రాందీ తాగి హఠాత్తుగా మానినోళ్ళకూ ఇదే గతి. డాక్టరు చేతికింద మందు కొద్దికొద్దిగా తగ్గిస్తూ వస్తే మనిషి బాగుపడతాడు.

2015 సెప్టెంబరులో తెలంగాణ ప్రభుత్వం కల్తీకల్లు మీద దాడులు చేసింది. మంచిపనే. కానీ తాగినోళ్ళ గతేమిటని ముందు ఆలోచించిందా? నిజామాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో వందలమంది ఆస్పత్రుల పాలయ్యారు. హైదరాబాదులో ఎర్రగడ్డ మానసిక ఆస్పత్రి నిండిపోయింది. 2020 లాక్‌డౌన్‌లో దుకాణాలు మూతబడ్డప్పుడూ ఎర్రగడ్డ ముందు అదే బారు. పోనీ కల్తీ ఆగిందా? 2025 జులైలో కూకట్‌పల్లిలో కల్తీకల్లు తాగి మళ్ళీ జనం చచ్చిపోయారు.

తాగొద్దని మనవాళ్ళకు చెబుతూనే ఉందాం. గీత కార్మికుడి మీద పడొద్దు, మందు కలిపేవాణ్ణి నిలదీద్దాం. అయితే తాగాడు గనక చావనీ అనడం న్యాయమా? పెద్దింటి కొడుక్కి ఇదే వస్తే కారులో పోయి కార్పొరేటు ఆస్పత్రిలో చేరతాడు. మన మనిషికేమో వేపచెట్టు, పలుపుతాడు!

2017 మానసిక ఆరోగ్య చట్టం మత్తువల్ల వచ్చే మానసిక రోగాన్నీ రోగంగానే లెక్కగట్టింది. పేదలకు ఉచిత వైద్యం హక్కని, రోగిని గొలుసులతో కట్టరాదని చెప్పింది. ఆ చట్టం ఎర్రగడ్డ దాకానేనా, మన మండలానికి రాదా? మండల ఆస్పత్రిలో పడకలు, మందులు, ఈ రోగం తెలిసిన డాక్టరు కావాలని ప్రతి గూడెం అర్జీ పెట్టాలి.

ఈలోపు మీ వాడలో ఎవరికైనా ఇలా వస్తే తాడు వెతకొద్దు. 108కి ఫోన్ చెయ్యండి. సలహాకు 14416 ఉంది. ఆస్పత్రిలో పొమ్మంటే గూడెమంతా కలిసిపోయి నిలబడండి. మనం అడిగేది దయ కాదు, వైద్యం.