ఇంట చేసిన యంత్రమునకు పెట్టె

మన పిల్లలు (ఆడపిల్లలును చేయుచున్నారు, మాకెంతో సంతోషము) స్వయముగా ఆంప్లిఫయరు కూర్చినపుడు సర్క్యూటును మెచ్చుకొని యూరకుండరాదు. పెట్టెను గూడ పరీక్షింపవలెను. లోపల 230 వోల్టుల తీగ యొకటి ఊడి అల్యూమినియపు పెట్టెకు తగిలెనా, తాకినవారి ప్రాణమునకే ముప్పు. కావున మూడు పిన్నుల ప్లగ్గులో పెద్ద పిన్నునుండి వచ్చు ఎర్తు తీగను పెట్టెకు మరమేకుతో గట్టిగా బిగింపవలెను. రంగు పూసినచోట బిగించిన ప్రయోజనము లేదు; లోహము కనబడునట్లు గీకవలెను. ఇంటి ఎర్తు సరిగా నున్నచో, తీగ తగులగానే విద్యుత్తు భూమికి పాఱి ఫ్యూజు కాలిపోవును. తీగ దూరు రంధ్రమునకు రబ్బరు వలయము తొడుగవలెను. లేనిచో లోహపుటంచు తీగ తొడుగును కోయును. అందముకొఱకు గాలిరంధ్రములను మూయుట మాకు సమ్మతము గాదు. ప్లగ్గు తీసిన పిదపను కెపాసిటరులందు విద్యుత్తు కొంతసేపు నిలిచియుండును; వెంటనే మూత తెఱవనీయకుడు.