లేచిన జీపు, వణికిన చక్రము

గత మాసము బావి మోటారు సంగతి ముచ్చటించుకొన్నాము. ఈ మాసము జీపు వంతు. "మాకు జీపెక్కడిది?" అని పుట త్రిప్పవద్దు. 1947లో మహీంద్రా వారు బొంబాయిలో విల్లీస్ జీపులను కూర్చుట మొదలుపెట్టినది లగాయతు, తోటలున్న కుటుంబములలో ఆ జాతి బండి ఇంటి ఎద్దు వంటిదే.

మా చెట్టికరైలో 2013లో ప్రభుత్వ ఇంజనీరింగు కళాశాల వెలసినది. అప్పటినుండి ఊరిలో ప్రతి కుర్రవాడూ సగము ఇంజనీరే అని పెద్దలు వేళాకోళమాడుచుందురు. మా మేనల్లుడు ఆ గడప త్రొక్కకపోయినా ఆ సగములో చేరినవాడే. మామిడితోట బాటలో రాళ్లు అడుగున తగులుచున్నవని, ఇంటి పాత జీపును 4 అంగుళములు లేపించినాడు. కమానులకు పొడుగు షాకిళ్లు, పైగా పెద్ద టైర్లు! తోటలో బాగుగానే నడిచినది. తారురోడ్డు మీద 50 కిలోమీటర్ల వేగములో ఒక గుంట తగులగానే ముందు చక్రములు రెండూ చలిజ్వరము వచ్చినట్లు వణకసాగినవి. బండి దాదాపు ఆగినగాని వణుకు ఆగలేదు.

ఒక షెడ్డులో చూపగా స్టీరింగు డాంపరు బిగించి పంపినారు. వణుకు తగ్గినది. ఆ ధైర్యముతో మా అక్కనూ, ఎనభై దాటిన మా అమ్మనూ ఎక్కించుకొని సేలములో పెండ్లికి పోదునన్నాడు. సేలము పోవలెనన్న తొప్పూరు కనుమ దిగవలెను గదా! లారీల నడుమ ఆ వాలులో చక్రము వణికిన ఏమగునో తలచుకొని మాకు నిద్ర పట్టలేదు.

"నెమ్మదిగా పోతాను మామా" అన్నాడు. "డాంపరు మూలుగు వినబడకుండ కప్పిన దుప్పటిరా, మందు కాదు" అన్నాము. మాటామాటా పెరిగినది. చివరకు మా అమ్మ, "మీరిద్దరూ ముందు బండి క్రింద దూరి చూడండి. అది బాగుంటేనే నేనెక్కేది" అని తీర్పు చెప్పినది.

మేము చేసిన పరీక్షను క్రమముగా వ్రాయుచున్నాము. అక్కరకు రాగలదు.

మొదట డాంపరు విప్పినాము. చక్రములు నేల మీదనే ఉండగా వాడు స్టీరింగును కొద్దిగా అటునిటు త్రిప్పుచుండెను. మేము క్రింద పరుండి ఒక్కొక్క కీలు మీద చేయి వేసి చూచినాము. ఒక టై రాడ్డు కొన టకటకమన్నది. స్టీరింగు బాక్సును ఛాసిస్‌కు పట్టియుంచు బోల్టులు మాత్రము గట్టిగనే యున్నవి.

తరువాత ముందు ఇరుసును జాకీతో లేపి, క్రింద గట్టి స్టాండ్లు పెట్టి, చక్రమును పైననూ క్రిందనూ పట్టి ఊపినాము. ఎడమ చక్రము కదలినది. బ్రేకు త్రొక్కించి మరల ఊపినాము. త్రొక్కగానే కదలిక పోయినచో చక్రపు బేరింగుది దోషము. పోనిచో కింగ్ పిన్నుది. మాది రెండవదే.

ఇవి పాత జబ్బులు. ఎత్తు తెచ్చిన జబ్బులు వేరు. సైకిలు ముందరి ఫోర్కు వెనుకకు వాలియుండుట చూచియే యుందురు. ఆ వాలు వలననే హ్యాండిలు వదలినా సైకిలు తిన్నగా పోవును. జీపు కింగ్ పిన్నుకూ అట్టి వాలు కావలెను. పాత విల్లీసులకు అది 3 డిగ్రీలు. పొడుగు షాకిలు ఇరుసును ముందుకు త్రిప్పి ఆ వాలును హరించినది. చీలిక ముక్కలు పెట్టి కొంత సరిచేయవచ్చును.

ఇక డ్రాగ్ లింకు. ఇది బల్లపరుపుగా ఉన్నంతవరకు కమాను క్రిందుమీదులైనా చక్రమునకు పట్టదు. బండి లేచినపుడు లింకు ఏటవాలైనది. అందుచేత ప్రతి గుంటకూ అదే చక్రమును ప్రక్కకు నెట్టుచున్నది. దీనికని స్టీరింగు చేతులను కాచి వంచుట, అతుకు వేయుట మహాపరాధము. విరిగిన దినమున పట్టుకొనుటకు ఏమియు మిగలదు.

చట్టమూ ఒకటున్నది. 1988 మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను ప్రకారము, తయారుచేసినవారు నిర్దేశించిన వివరములకు భిన్నముగా బండిని మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడ ఈ మాటనే చెప్పినది.

వాడు చాలసేపు మాటలాడలేదు. అంత ఖర్చుపెట్టి లేపినదానిని దింపుటకు ఎవరికి మనసొప్పును? మరునాటి ఉదయము తానే పాత షాకిళ్లు, పాత టైర్లు వెదకి తెచ్చినాడు. టై రాడ్డు కొన మార్పించి, కింగ్ పిన్నులో షిమ్ములు సరిచేయించి, అలైన్‌మెంటు చూపించినాము. ఇన్ని పనులకు వారము పట్టినది. పెండ్లికి అందరమూ బస్సులోనే పోయినాము.

తిరిగి వచ్చిన పిమ్మట వాడు గడ్డపార పట్టి, రెండు దినములలో తోటబాటలోని రాళ్లను పెరికివేసినాడు. ఆ పని మొదటనే మాకెవరికీ తోచలేదు. అందులో మా తప్పూ ఉన్నది. మూడవ దినమున మా అమ్మ జీపు ముందు సీటులో కూర్చుండి తోటకు పోయి, చెట్లన్నీ చూచుకొని వచ్చినది.

మీ ఇంట లేపిన బండి యున్నచో, ఈ ఆదివారము ఒకసారి దాని క్రింద పరుండి చూడుడు.